పొద్దుతిరుగుడు చెక్క కలిపిన వారం

ఏర్గట్లలో వాళ్ల అక్కకు పసుపు ఉడకబెట్టే పనిలో సాయానికని మా ఆయన వారం రోజులు పోయిండు. బోధన్ అవతల చెరుకు తోటల నడుమ ఉన్న మా కోళ్ల షెడ్డు నా ఒక్కదాని మీద పడ్డది. అప్పటికి బ్రాయిలర్ పిల్లలకు పన్నెండు రోజులు.

దాణా మేమే కలుపుకుంటం. మక్కల నూక, సోయా చెక్క, మందు పొడులు. ఆ వారం సోయా దొరకలే. నిజామాబాద్‌ల మేం ఎప్పుడూ కొనే దుకాణపాయన, "పొద్దుతిరుగుడు చెక్క ఉన్నది అక్కా. నూనె తీసినంక మిగిలేదే గద, గిది కలుపు" అన్నడు. మా ఆయనను అడిగితే వద్దంటడు. మూడేండ్ల కింద బూజు మక్కలు తిని సగం కోళ్లు పోయినయి. అప్పటి సంది కొత్త దాణా అంటేనే ఆయనకు భయం. అందుకే అడగలే. సోయా ఎంత పోస్తమో అంతా ఇదే పోసి కలిపిన.

మూడోనాడు పొద్దున షెడ్డు తలుపు తీస్తే చప్పుడు లేదు. గిన్నెలల్ల నూక ఏరుకొని తిన్నయి, నల్ల పొట్టు సగం వదిలేసినయి. పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీదొకటి ఎక్కినయి. చేతులతోటి విడదీస్తే అడుగున తొమ్మిది చచ్చిపడి ఉన్నయి, ఇంకా వెచ్చగనే. సంచి వాసన చూసిన. చిటికెడు నాలుక మీద ఏసుకున్న. ఏసుకున్నంక, విషమైతే నా గతేందని దబదబ నోరు కడుక్కున్న.

అప్పుడే మా ఆయన ఫోన్.

"పిల్లలు మంచిగున్నయా?"

"మంచిగనే ఉన్నయి."

"గొంతెందుకట్లున్నది?"

"దుమ్ము" అన్న.

చచ్చినవాట్ల రెండింటిని, గుప్పెడు చెక్కను సంచిల ఏసుకొని బోధన్ పశువుల దవాఖానకు స్కూటీ మీద పోయిన. నా ముందు ఒక బర్రె ఉన్నది. దాన్ని చూసేదాక బయట నిలబడి, 'ప్రభువా, విషం మాత్రం కావద్దు' అని అదే మాట పట్టుకున్న.

డాక్టరు కోసి కందనకాయ విప్పి చూపించిండు. నిండ నల్ల పొట్టే.

"విషం గాదమ్మా. పొట్టు తియ్యని చెక్క ఇది. ఇంత చిన్న పిల్లలకు అరగదు, బలం రాదు. నీరసపడి గుంపుగూడి ఊపిరాడక చచ్చినయి."

"మిగిలినయి బతుకుతయా సార్?"

"ఈ దాణా ఇప్పుడే తీసెయ్యి. రెండు రోజులు చూడాలె."

పక్క షెడ్డోళ్లను అడిగి పిల్లల దాణా తెచ్చి పోసిన. తర్వాత మా ఆయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన. తిడతడనుకున్న. "వస్తున్న" అని పెట్టేసిండు. తిట్టినా అంత భయపడకపోదును.

సాయంత్రం వచ్చి, చెప్పులిడిచి, పిల్లల నడుమ కూసున్నడు. ఒక్కోదాన్ని పట్టుకొని, మేత తిన్నదా అని మెడ కింద తడిమి చూసిండు.

"నాకెందుకు చెప్పలే?"

"వద్దంటవని."

"వద్దనే అందును" అన్నడు. ఇంకో పిల్లను అందుకున్నడు.

తెల్లారి ఇంకో నాలుగు పోయినయి. ఆ మర్నాడు ఒక్కటీ పోలే. దాణా బకెట్ చప్పుడుకు అన్నీ ఉరికొచ్చినయి. వాటి అరుపుకు నాకు ఏడుపొచ్చింది.

మిగిలిన చెక్కను పారేయలే. డాక్టరును అడిగి, కోళ్లు పెద్దగైనంక పొట్టు పోయేటట్టు జల్లెడ పట్టి, కొంచెం నూనె, బలానికి లైసిన్ పొడి కలిపి, ముందు పిడికెడే పోసినం. అవి ముక్కులు పెట్టేదాక ఇద్దరం అక్కడే నిలబడ్డం.