పాలు వస్తాయని ఎవరూ చెప్పలేదు

తొమ్మిదో నెలలో ఒక సోమవారం పొద్దున నా భార్య సుగుణ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఏమండీ, నిన్నట్నించి బిడ్డ కదలడంలేదు" అంది. అప్పుడు మైలాపూరులో రైలు స్టేషన్ కడుతున్నారు. ఆటో చుట్టు తిరిగి నర్సింగ్‌హోమ్‌కు పోయింది.

స్కాన్ చేసిన డాక్టరమ్మ నా ముఖం చూడకుండానే, "హార్ట్‌బీట్ లేదు. ఇండక్షన్ ఇచ్చి నొప్పులు తెప్పించాలి" అని నర్సుకు చెప్పింది. అది నేను మరచిపోలేదు. ప్రాణం లేకుండానే పుట్టింది, ఆడపిల్ల. ఒక్క నిమిషం చూపించి తీసుకుపోయారు. పక్క మంచం మీద ఇంకొకరి బిడ్డ ఏడుస్తుంటే సుగుణను అదే వార్డులో పడుకోబెట్టారు. అదీ మరచిపోలేదు.

మరునాడు డిశ్చార్జ్. ఇంటికి రాగానే నర్సింగ్‌హోమ్ మీద ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను.

మూడో రోజు మా అత్తగారు గడప దగ్గర నిలబడి, అల్లుణ్ణి పిలిచే అరవ మాటతో, "మాప్పిళ్ళా, నాలుగు మూరలు మల్లెపూలు తెస్తారా?" అంది.

"ఎవరికి?"

"సుగుణకే."

"బిడ్డ పోయిన తల్లికి పూలు పెడతారా? మీ ఇంట్లో అట్ల చేస్తారేమో, ఈడ కుదరదు."

ఆమె ఏదో చెప్పబోయి తల దించుకుని లోపలికి పోయింది. సాయంత్రం ఎదురింటామె తెచ్చిచ్చిన పూలపొట్లం నేనే లాక్కుని చెత్తకుండీలో వేశాను. ఫిర్యాదు నాలుగో పేజీ మొదలుపెట్టాను.

ఐదో రోజు సుగుణకు నూటమూడు జ్వరం. మళ్ళీ ఆ డాక్టరమ్మ దగ్గరికే పోయాం.

"ఎన్‌గార్జ్‌మెంట్. పాలు నిండి రొమ్ములు రాళ్ళలా ఉన్నాయి. ఇన్ని రోజులు ఏం చేశారు?"

"బిడ్డ లేకపోయినా పాలు వస్తాయా?"

"బిడ్డ లేదని ఒంటికి తెలీదు కదా సార్."

నర్సు మా అత్తగారిని అడిగింది. "పాలు తగ్గడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టలేదా అమ్మా?"

అత్తగారు నా వైపు చూడలేదు. "పూలు దొరకలేదమ్మా" అంది.

అప్పుడు అర్థమైంది. రొమ్ముల మాట అల్లుడికి ఎట్లా చెబుతుంది? సుగుణ రెండు రోజులు పళ్ళు బిగించి పడుకున్నది పక్క గదిలోనే. నేను అవమానాలు వరుసగా రాస్తూ కూర్చున్నాను.

మాత్రలతో వారానికి జ్వరం, వాపు తగ్గాయి. ఫిర్యాదుకు జవాబు రాలేదు. అత్తగారి ముందు నా తప్పు ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. "పోనీండి" అంది, అంతే.

ఇప్పుడు మాకు రెండేళ్ళ కొడుకు ఉన్నాడు. ఆ ఐదు రోజుల సంగతి ఎత్తితే సుగుణ లేచి పక్క గదిలోకి పోతుంది.

మీ ఇంట్లో ఇలా జరిగితే, డిశ్చార్జ్ కాగితం తీసుకునేముందు "పాలు వస్తే ఏం చేయాలి?" అని డాక్టరును అడగండి. మొగవాళ్ళే అడగండి. ఆ రోజు తల్లికి ఆ మాట తోచదు, అత్తగారు మీ ముందు అనలేరు.