మా మీద ఫిర్యాదు, మా బల్ల మీదే

కోలారు బస్టాండు ఎదురుగా, బేకరీ మీది అంతస్తులో మా ఇన్సూరెన్సు బ్రోకరు ఆఫీసు. ఆఫీసంటే ఓనరు, నేను, ఒక ఫ్యాను. ఓనరు కేజీఎఫ్‌ బంగారు గనుల దగ్గర పుట్టి పెరిగిన మనిషి, గని గుమాస్తా కొడుకు. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా "గని కూలిపోయిందప్పా!" అని కేకేస్తారు. నేను కాగితం లాగేస్తాను. ప్రాణనష్టం ఉండదు.

ఒకరోజు రాయల్పాడు నుంచి ఒక పాడిరైతు అక్క వచ్చింది. ఆమె ఆవు చచ్చిపోయింది. ఇన్సూరెన్సు చేసిన ఆవు చెవికి ప్లాస్టిక్ ట్యాగు వేస్తారు. ఆవు పోతే ఆ ట్యాగు, పశువుల డాక్టరు సర్టిఫికెట్టు గడువులోగా కంపెనీకి చేరాలి. ఆమె వెంటనే తెచ్చిచ్చింది. మా ఓనరు వాటిని బీరువాలో భద్రపరిచి, తాళంచెవి జేబులో వేసుకుని, మాలూరులో బావమరిది పెళ్లికి వెళ్లారు. పెళ్లి బాగా జరిగింది. గడువు దాటింది. కంపెనీ కుదరదంది.

ఆమె మళ్లీ మా మెట్లే ఎక్కింది.

"మీ ఆఫీసు మీద కంప్లైంటు ఇయ్యాలప్పా. నువ్వే రాసియ్యి."

"మా మీద మేమే రాసుకోవాలా అక్కా?"

"ఇంగెవురు రాస్తారు? ఆవు కాగితాలు రాసింది నువ్వే కదా. దీన్నీ నువ్వే రాయి."

వాదన గట్టిదే. రాశాను. మాలాంటి బ్రోకర్లు ఏదో ఒక వివాద పరిష్కార వేదికలో సభ్యులుగా ఉండాలి, కస్టమర్ల ఫిర్యాదులు అక్కడికే పోతాయి. పంపేముందు ఓనరు చదివి, "ఘోరమైన నిర్లక్ష్యం అని రాసినావే, ఆ ‘ఘోరమైన’ తీసేయప్పా" అన్నారు. నేను తియ్యలేదు.

కొన్నాళ్లకు ఓనరు, చందా తక్కువని, వేరే వేదికలోకి మారారు. మారిన రోజు నుంచి కస్టమరుకిచ్చే ప్రతి కాగితం మీదా కొత్త వేదిక పేరుండాలని నిబంధన. పాత వేదిక పేరూ అడ్రసూ ఏమో ఊరూరా గోడల మీద వేలాడుతోంది. మేం పంచిన క్యాలెండర్లలో లక్ష్మీదేవి పాదాల కింద దాన్ని అచ్చేయించిన ఘనత ఓనరుదే.

"లైసెన్సు పోయిందప్పా! వీధిలో పడినాం!" అంటూ ఆయన నా చేతిలో కొత్త వేదిక పేరున్న స్టిక్కర్ల కట్ట పెట్టి ఊళ్లమీదికి తోలారు.

రాయల్పాడులో అక్క ఇంటి గోడ మీద క్యాలెండరుంది. దేవికి కుంకుమ, తేదీలకు పాల లెక్కలు. నేను స్టిక్కరు తియ్యగానే ఆమె అడ్డం నిలబడింది.

"అది మూసేస్తే నా కంప్లైంటు యాడికి పోతాది?"

"యాడికీ పోదక్కా."

"ఎవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. స్టిక్కరు మళ్లీ సంచిలో వేసుకున్నాను. ఆమె మజ్జిగిచ్చింది కానీ గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

ఆ వారంలోనే ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ నుంచి ఉత్తర్వు వచ్చింది. వేదిక మారిన బ్రోకర్లకు సడలింపు: అచ్చయిన కాగితాలు కొన్ని నెలలు వాడుకోవచ్చు, ఇప్పటికే పంచినవాటిని ముట్టుకోనక్కర్లేదు.

"బతికినామప్పా! మైసూరుపాకు తెప్పించు!"

"కింద ఇంకో పేరా ఉందన్నా. పాత ఫిర్యాదులు పాత వేదికలోనే నడుస్తాయంట. తీర్పు వచ్చేదాకా మనం అక్కడ జవాబు చెప్పాల్సిందేనంట."

ఓనరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇదేం సడలింపప్పా?"

"ఇది ఆయక్క కోసం అన్నా."

మైసూరుపాకు నేనొక్కడినే తిన్నాను.

విచారణ ఫోనులో, వీడియో కాల్. ఆమె ఊళ్లో సిగ్నలు సరిగ్గా అందదు. అందుకని మా ఆఫీసుకే వచ్చింది. వాది, ప్రతివాది ఒకే బల్ల దగ్గర, ఒకే ఫోను ముందు, మధ్యలో ఒక ప్లేటు బోండాలు.

"ఎదుటి పార్టీ వచ్చారా?" అని అడిగారు అవతలి అధికారి.

"ఇదో, నా పక్కనే ఉండాడు సార్," అందామె. "బోండా తింటా ఉండాడు."

ఆలస్యం ఎందుకైందని ఆయన అడిగారు. మా ఓనరు గొంతు సవరించుకున్నారు. వరదో, తుపానో వస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె ఆయన మొహంలోకే చూస్తోంది.

"పెండ్లికి పోయినాను సార్," అన్నారు ఆయన. "తాళంచెవి నా జేబులోనే ఉండిపోయినాది. ఆయమ్మ తప్పేమీ లేదు."

ఆవు విలువ మా ఆఫీసే కట్టాలని తీర్పు. నేను ఫోను పెట్టేశాను.

"ఇంగో బోండా తీసుకోమ్మా," అన్నారు ఓనరు, చిన్నగా.

"వద్దప్పా, బస్సు పోతాది," అంటూ ఆమె లేచి చెప్పులేసుకుంది. "చింతామణి సంతలో ఒక ఆవును చూసిపెట్టినా. ఇంగొకరు తోలుకొని పోయేలోపల పోవాల."