చెరపకుండా వదిలిన వరుస

నీళ్లలో నానిన సుద్దముక్కకు ఒక వాసన ఉంటుంది. తొలకరికి తడిసిన మట్టిగోడ వాసనకు దగ్గరే కానీ, అదే కాదు. భూపాలపల్లిలో నేను గ్రంథపాలకురాలిగా పనిచేసే గ్రంథాలయంలో పొద్దున తలుపులు తీయగానే చిన్న గిన్నెలో నీళ్లు పోసి రెండు సుద్దముక్కలు వేస్తాను. పొడి సుద్దతో రాస్తే చెయ్యి తగిలినా చెరిగిపోతుంది, నానబెట్టి రాస్తే సాయంత్రం దాకా నిలుస్తుంది. మొన్న అలా బోర్డు రాస్తుండగా నాతో పనిచేసే రమ్య ఫోన్ పట్టుకుని మొహం పాలిపోయి వచ్చింది. “మేడం, మన పేజీల శిక్షణ తరగతుల తేదీ తప్పు పడ్డది. ఎవ్వరు అడగకముందే తీసేస్త” అంది. నా చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది. ఇలాంటి మాటే నేనూ ఒకసారి అన్నాను, లింగయ్య సార్ ముందు నిలబడి.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతున్న రోజులవి. కేసముద్రానికి దగ్గర్లోని ఒక ఊళ్లో, రెండు గదుల శాఖా గ్రంథాలయంలో నేను సహాయకురాలిగా కొత్తగా చేరాను. లింగయ్య సార్ అక్కడి గ్రంథపాలకుడు. బక్కపలచటి మనిషి, మాట నెమ్మది, పట్టు మాత్రం ఉడుం పట్టు. పొద్దున్నే పత్రికలన్నీ చదివి, ముఖ్యమైన వార్తలు పది వరుసల్లో నల్లబోర్డు మీద రాసేవారు. మార్కెట్‌కు పోయే హమాలీలు, పరీక్షలకు చదివే పిల్లలు, సభలకు పోయే ట్రాక్టర్ల మీది జనం, అందరూ ఆ బోర్డు ముందు ఒక నిమిషం ఆగేవారు. ప్రతి వరుస చివరా అది ఏ పత్రికలో ఏ పేజీలో ఉందో రాసేవారు. అన్నిటికన్నా కింద తన పేరు, రాసిన సమయం. ఎప్పుడైనా తప్పు రాస్తే తుడిచేవారు కాదు. దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, కిందనే సరైనది రాసి, మళ్లీ పేరూ సమయమూ వేసేవారు. చూడ్డానికి అసహ్యంగా ఉండేది. నాకైతే గుడ్డ తీసుకుని శుభ్రంగా తుడిచేయాలని చేతులు దురద పెట్టేవి.

కంప్యూటర్ వచ్చాక నేను గ్రంథాలయానికి ఒక బ్లాగు మొదలుపెట్టాను, దాని వెంటే ఫేస్‌బుక్ పేజీ కూడా. కొత్త పుస్తకాలు, ఉద్యోగ ప్రకటనలు, పాత ప్రశ్నపత్రాలు పెట్టేదాన్ని. సార్ అడ్డుచెబుతారనుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని తెరను చాలాసేపు చూశారు. “గీ కింద రాసిందెవరు?” అని అడిగారు.

“ఎవరో పిలగాడు సార్. జనరల్ స్టడీస్ పుస్తకం ఉన్నదా అని అడిగిండు, పొద్దుగాల.”

“పొద్దుగాల అడిగితే ఇప్పటిదాంక జవాబియ్యలే? గా పిలగాడు వచ్చి మన బల్ల కాడ నిలబడితే గిట్లనే నిలబెడుదువా బిడ్డా?”

ఆ రోజు నుంచి ఆయనకు ప్రతి ప్రశ్నా బల్ల ముందు నిలబడ్డ మనిషే. మధ్యాహ్నం అన్నం తినే ముందు “అక్కడ ఎవరన్న నిలబడ్డరా?” అని అడిగేవారు. నేను నవ్వుకునేదాన్ని. కానీ ఎక్కడో దూరాన ఉన్న కాటారం వైపు నుంచి కూడా మా బ్లాగులో ప్రశ్నలు రావడం మొదలైంది. ఇక నాకు గర్వం నెత్తికెక్కింది. ఎక్కడ ఏ వార్త కనబడినా అందరికన్నా ముందు నేనే పెట్టాలి. ఎక్కడి నుంచి వచ్చిందో రాయమని సార్ చెబితే, ఇది బోర్డు కాదు కదా అనుకునేదాన్ని.

ఒక శనివారం బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు. మర్నాడు వరంగల్‌లో టీచర్ ఉద్యోగాల రాతపరీక్ష. ఆ రోజుల్లో పరీక్షలు వాయిదా పడడం మామూలే. మధ్యాహ్నం ఫేస్‌బుక్‌లో ఎవరో ‘రేపటి పరీక్ష వాయిదా’ అని రాస్తే, వెనకాముందూ చూడకుండా మా పేజీలో, బ్లాగులో పెట్టేశాను. గంటన్నర తర్వాత అధికారిక వెబ్‌సైట్ తెరిస్తే పరీక్ష యథాతథంగా ఉంది. గబగబా రెండుచోట్లా తీసేసి, ఏమీ జరగనట్టు పుస్తకాలు సర్దుతూ కూర్చున్నాను. అంతలో రోజూ వచ్చే పాఠకుడొకాయన లోపలికొచ్చి, “పరీక్ష వాయిదా పడ్డదట గద సార్, మన బ్లాగుల చూసిన” అన్నాడు.

సార్ నావైపు చూశారు. నేను జరిగింది చెప్పాను. “ఇప్పుడు లేదు సార్, ఎప్పుడో తీసేసిన” అన్నాను.

“తీసేస్తే నీ తప్పు కనబడకుంట పోయింది. చూసి పోయినోళ్లకు ఎట్ల తెలుస్తది?” ఆయన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ తప్పు వాక్యాన్నే మళ్లీ పెట్టించారు, మీద అడ్డగీతతో. కింద ‘ఇది నిజం కాదు, పరీక్ష రేపే ఉంది’ అని రాయించారు. బోర్డు మీదా అదే రాశారు. తర్వాత నన్ను లేపి కుర్చీలో కూర్చుని, ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఆ పోస్టు కింద ఏదో టైపు చేశారు. ఆ పరీక్ష రాసే మా పాఠకులందరికీ రిజిస్టర్ చూసి ఫోన్లు చేశాం. ఒక్క సునీత మాత్రం దొరకలేదు. ఆరు కిలోమీటర్ల అవతలి తండా అమ్మాయి, రెండేళ్లుగా మా కిటికీ పక్క బల్ల మీద చదువుకుంటోంది.

సార్ మోపెడ్ తీశారు, నేను వెనక కూర్చున్నాను. రోడ్డు మీద రాళ్లు, కాలిన టైర్ల మసి. రెండుచోట్ల ఉద్యమకారులు ఆపి, సార్‌ను గుర్తుపట్టి వదిలేశారు. తండాలో సునీత తల్లి వాళ్ల భాషలో ఏదో చెప్పి మిరపతోట వైపు చెయ్యి చూపించింది. సునీత కాయ ఏరుతోంది. మమ్మల్ని చూసి నవ్వింది.

“తప్పు మాదే బిడ్డా. పరీక్ష రేపే ఉన్నది” అన్నారు సార్, మోపెడ్ స్టాండు కూడా వేయకముందే.

నవ్వు ఆగిపోయింది. “అన్న ఫోన్ల చూసిన సార్. వేరేటోళ్లు చెప్తే నమ్మకపోదును. మన లైబ్రరీ దాంట్ల ఉన్నదని నమ్మిన. రేపు గూడ కూలికి వస్తనని ఒప్పుకున్న” అంది. తర్వాత నావైపు తిరిగి, “రెండేండ్లు సదివిన అక్కా” అంది.

“నేనే పెట్టిన. చూసుకోకుంట పెట్టిన” అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆమె నన్ను ఓదార్చలేదు, ఓదార్చాల్సిన అవసరమూ లేదు. మిరప ఘాటు పట్టిన చేతులు చీర కొంగుకు తుడుచుకుని, “పొద్దుగాల రైలు ఎన్నింటికి సార్?” అని అడిగింది.

మర్నాడు తెల్లవారకముందే సార్ వెళ్లి ఆమెను కేసముద్రం స్టేషన్‌లో రైలెక్కించి వచ్చారు. ఆ ఏడు ఆమెకు ఉద్యోగం రాలేదు, ఆ తర్వాతి పరీక్షలో వచ్చింది. నాతో ఇప్పటికీ మాట్లాడుతుంది కానీ, ఆ రోజు ఊసు ఇద్దరం ఎత్తం.

సోమవారం పొద్దున బ్లాగు తెరిచినప్పుడు సార్ టైపు చేసింది చదివాను. ‘పై తప్పు నాది. లింగయ్య, గ్రంథపాలకుడు. మధ్యాహ్నం మూడున్నర.’ నా పేరు ఎక్కడా లేదు.

“పెట్టింది నేను గద సార్, నా పేరెందుకు రాయలే?” అని అడిగాను.

సార్ గిన్నెలో సుద్దముక్కలు వేస్తున్నారు. “బోర్డు నాది బిడ్డా. నీకు బోర్డు వచ్చినప్పుడు నీ పేరు రాద్దువు” అన్నారు.

సార్ పోయి రెండేళ్లయింది. ఆయన జీవితంలో ఇంటర్నెట్‌లో రాసింది ఆ మూడు ముక్కలే. ఆ బ్లాగు ఇప్పుడెవరూ చూడరు కానీ, ఆ పోస్టు ఇంకా అక్కడే ఉంది. అప్పుడప్పుడు వెళ్లి చదువుకుంటాను. అది చదివిన రోజు ఆయన పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

రమ్య చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. “తియ్యకు. గీత కొట్టి, కింద సరైన తేదీ పెట్టు” అన్నాను. ఆమె పెట్టింది. తర్వాత తన పేరు రాయబోయింది. నేను ఆపి, ఆ తేదీ కింద నా పేరూ సమయమూ రాశాను.