స్లైడ్లకు పసుపు బొట్టు

నా చేతి పసుపు ఒక డాక్టరమ్మ ఉద్యోగానికి ఎసరు పెట్టిన వైనం చెబుతాను. ముందే మంచినీళ్లు తాగి కూర్చోండి. నవ్వి నవ్వి పొలమారితే నా పూచీ లేదు.

అశోక్‌నగర్‌లో మా మేడ మీది గదిలో స్వరూప కిరాయికి ఉండేది. మా గల్లీలో పిల్లలంతా సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతుంటే, ఈ పిల్ల పీహెచ్‌డీ చేసి డాక్టరై కూడా ఉద్యోగం వెతుక్కుంటోంది.

"డాక్టరైనంక ఇంకేం ఎతుకులాటనే? సూదులేసుకుంట బతకరాదూ?"

"ఆ డాక్టర్ కాదు పెద్దమ్మా! ఇది పోస్ట్‌డాక్, పీహెచ్‌డీ అయినంక చేసే పరిశోధన కొలువు. కణాలకు రంగు పట్టిచ్చి మైక్రోస్కోప్ కింద లైటేస్తే మెరుస్తయ్. రేపు ఇంటర్వ్యూల ఆ కణాలంటిచ్చిన గాజు స్లైడ్లు నేనే చూపియ్యాలె. ఇదీ పోతే రూమ్ ఖాళీ చేసి ఊరికి పోవుడే."

ఈ పిల్ల పోతే సాయంత్రం చాయ్‌కి తోడెవరు?

ఆమె ఇస్త్రీ బట్టలు తేవడానికి వెళ్లగానే మేడెక్కాను. బల్ల మీద నల్ల డబ్బా. దాని మీద పెద్ద అక్షరాలు: "పెద్దమ్మా, ముట్టుకోవద్దు. వెలుతురు తగలొద్దు." ముసలితనంలో చదువు నేర్చినదాన్ని కదా, గడగడా చదివేశాను. చదివిన సంబరంలో మొదటి మాట మరిచి, రెండోది మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను.

మీరే చెప్పండి, మంచి పనికి పోయే వస్తువును బొట్టు పెట్టకుండా పంపుతామా? కుట్టుమిషనుకు పెట్టాం, స్కూటరుకు పెట్టాం, గ్యాసు బండకూ పెట్టాం. కిటికీలు మూసి, లైటార్పి, చీకట్లో తడుముకుంటూ గాజుపలకలన్నిటికీ తడి పసుపు అద్దాను. మూలకే పెడదామనుకున్నాను. ఆ చీకట్లో మూలేదో నడుమేదో దేవుడికెరుక.

మర్నాడు ఫోను మోగింది.

"పెద్దమ్మా, నిజం చెప్పు. నా డబ్బాకు పసుపు పెట్టినవా?"

"డబ్బాకెందుకు పెడ్తనే! లోపటి అద్దాలకే పెట్టిన. ఒక్కదాన్ని ఇడువలే!"

అవతల ఇంటర్వ్యూ గది నిండా నవ్వులు. ఫోను స్పీకరులో ఉందట! చుక్కల్లా మెరవాల్సిన కణాలు కనబడక, చిక్కడపల్లి గణేశ్ మండపంలా తెరంతా పచ్చగా భగ్గుమందట. సార్లు నోళ్లు తెరిచారట. స్వరూప బెదరకుండా, వెలుగును రంగులుగా విడదీసే మిషనులో చూసి, "ఇది నా రంగు కాదు సార్, పసుపు. మా ఓనరమ్మ పని" అని తేల్చేసిందట.

ఇంతలో ఫోనులో ఓ పెద్దాయన గొంతు. "అమ్మా, పసుపు ఏడ కొన్నరు?"

"నారాయణగూడల కొమ్ములు కొని ఇంట్ల దంచిన సార్. కల్తీ ఉంటే మీ మిషన్లనే చూస్కోండ్రి! గని పిల్ల నౌకరీ కరాబ్ చెయ్యకుండ్రి. తప్పు నాది."

"కల్తీ ఏం లేదమ్మా," అన్నాడాయన నవ్వాపుకుంటూ. "ఈ పిల్ల దాచకుండ కనిపెట్టింది. కొత్త స్లైడ్లు చేసుకొని వచ్చే వారం మళ్ల రమ్మంటున్నం."

ఆ వారమంతా మేడ గదికి తాళం. నా ఇంటి గదే, నాకే తాళంచెవి లేదు!

ఉద్యోగం వచ్చింది. స్వరూప మిఠాయి డబ్బా అందిస్తూనే నా వేళ్లు తిప్పి తిప్పి చూసింది, పసుపేమైనా ఉందా అని.

మైక్రోస్కోపు కిందికి పోయే దేనికీ ఈ జన్మలో పసుపు అంటించనని, ఆమె ఎదుటే గ్యాసు బండ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను.

కుంకుమ సంగతి ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.