మంచు కూర్చోవడానికి ఒక పీట

సెవ్లియెవో పట్నంలో మా వీధికి చరిత్ర అంటూ ఎవరైనా రాస్తే, రాజులనూ యుద్ధాలనూ పక్కనపెట్టి లోజాన్ పెరట్లోని ద్యూల్య చెట్టుతో మొదలుపెట్టాలి. ద్యూల్య అంటే ఆపిల్ అంత ఉండి, కమ్మటి వాసనేస్తూ, పచ్చిగా కొరికితే మాత్రం నోరు పిడచకట్టించే పసుపు కాయ. అది విరగకాస్తే ఆ ఏడు చలి ఎముకలు కొరుకుతుందని పెద్దల సిద్ధాంతం. అక్టోబరు రాగానే వీధంతా లోజాన్ కంచె మీదుగా తొంగిచూసి, కొమ్మలు ఎంత వంగాయో పరిశీలించి, దాన్నిబట్టి కట్టెలు వేయించుకునేది. మంత్రివర్గ తీర్మానాలను కూడా మేమింత శ్రద్ధగా పాటించలేదు.

ఆ చెట్టుకే సంబంధించి మరో శాసనం ఉంది. కాయలన్నీ కోసినా పైకొమ్మన ఒకటి వదిలెయ్యాలి. శాసనకర్త లోజాన్ భార్య వెలీకా. "ఇంటికి చుట్టమొస్తే పీట వెయ్యమూ? తొలిమంచు వస్తే కూర్చోడానికి ఏదో ఒకటి ఉండొద్దూ?" అనేదావిడ. మంచు టోపీ పెట్టుకున్న ఆ పసుపు కాయను వంటింటి కిటికీలోంచి చూస్తూ, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా నిలబడిపోయేది. ఆ వేళ లోజాన్ ఏమడిగినా జవాబు వచ్చేది కాదు.

ఆవిడ పోయాక వచ్చిన మొదటి శరత్తు అది. ద్రాక్షపందిరి రాగిరంగుకి తిరిగింది. ఆవిడ నాటిన చామంతులు ఎవరూ అడక్కుండానే పూశాయి. చెట్టేమో విరగకాసింది, వీధి కట్టెలకు పరుగెత్తింది. లోజాన్ కాయలు కోసి, గదిలో వాసన కోసం బీరువా మీద పేర్చాడు, ఆవిడ పేర్చినట్టే, తొడిమలు గోడవైపు. పైకొమ్మన ఒకటి వదిలాడు. ఇక మంచు రావడమే తరువాయి.

మంచు రాలేదు. గడ్డకట్టించే చలి మాత్రం వచ్చింది. ఆకులన్నీ రాలి చెట్టుకి ఆ ఒక్క కాయే మిగిలింది. చలికి కమిలి అదీ రాలుతుందేమోనని లోజాన్ నిచ్చెనెక్కి, దానికి వెలీకా ఉన్ని టోపీ తొడిగాడు. ఎర్రది, పైన కుచ్చుతో.

పక్కింటి స్తమేన కంచె దగ్గరే ఉంది.

"అన్నయ్యా, బోడి నెత్తి నీదీ, టోపీ దానికా?"

"నా నెత్తి మీద మంచు పడితే చూసేదెవరమ్మా?"

"దిగు మహానుభావా! మోకాళ్ళు పాత తలుపుల్లా కిర్రుమంటున్నాయి. నువ్వు రాలితే ఏరడం నా వల్ల కాదు. అది కోసి ఇలా ఇచ్చెయ్, మురబ్బా చేసిపెడతా."

"అది పీట. మురబ్బాకి కాదు."

"వెలీకా నీతో ఎలా వేగిందో, మహాతల్లి!" అంది స్తమేన. అంది గానీ, మర్నాడు టోపీ ఎగిరిపోకుండా కట్టుకోమని పురికొస తెచ్చిచ్చింది.

డిసెంబరంతా వీధిలో పలకరింపులే మారిపోయాయి. "బాగున్నావా" పోయి "టోపీ ఉందా" వచ్చింది.

జనవరిలో ఒక ఉదయం లోజాన్ కాఫీతో కిటికీ దగ్గరికొచ్చేసరికి పెరడంతా తెల్లగా ఉంది. కాఫీ గ్లాసు కిటికీ గట్టున పెట్టేసి, కొక్కెం ఉన్న గడ పట్టుకుని పరుగెత్తాడు. టోపీ తీస్తేగానీ చుట్టం కూర్చోదు కదా. అంచుకి కొక్కెం తగిలించి మెల్లగా లాగాడు. స్తమేన పురికొస గట్టిది. టోపీతో పాటు కాయా వచ్చేసింది.

మంచులో పడి, టోపీలోంచి సగం బయటికి దొర్లి ఆగింది. లోజాన్ దాన్ని ముట్టుకోలేదు. లోపలికెళ్ళి, కిటికీ దగ్గర ఆవిడ నిలబడే చోట నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ మంచు మొదలై, ఆ పసుపు మీద కొద్దికొద్దిగా కూర్చుంది. కంచె అవతల్నుంచి స్తమేన ఏదో అడుగుతోంది. ఆయన కాయనే చూస్తున్నాడు. కాఫీ చల్లారిపోయింది.

మధ్యాహ్నానికి మంచు కరిగింది. కాయను పొయ్యిలో కాల్చుదామని కోస్తే, సగం కుళ్ళిపోయి ఉంది.