ప్రభువు బల్లకు వెళ్లని ఆదివారాలు

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినదాన్ని నేనే. మాదాపూర్‌లోని నా తొలి ఉద్యోగంలో టీమ్ లీడ్ నా ఇంగ్లీషును అనుకరించి మీటింగులో అందరినీ నవ్వించేవాడు. ఎనిమిదేళ్ల తరువాత అతడే మా కంపెనీకి ఇంటర్వ్యూకు వచ్చాడు. ప్రశ్నలు అడగవలసినదాన్ని నేను.

నన్ను గుర్తుపట్టి తల దించుకున్నాడు. "అప్పుడు మిమ్మల్ని చాలా బాధపెట్టానండి. క్షమించండి," అన్నాడు. జవాబులన్నీ సరిగానే చెప్పాడు. అయినా, "క్లయింటుతో మాట్లాడే నేర్పు లేదు" అని రాసి తిరస్కరించాను. ఒకప్పుడు అతడు నా గురించి రాసిన వాక్యమే అది. రాస్తున్నప్పుడు కలిగిన తృప్తిని నేను దాచను.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది; యేసును తలుచుకుంటూ అందరూ ముందుకు వెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఎవరినైనా క్షమించకుండా ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నాను. అందుకే మూడు నెలలుగా బెంచీ మీదే కూర్చుంటున్నాను.

మొన్న చర్చి నుంచి బాచుపల్లిలోని మా ఇంటికి తిరిగి వస్తూ ఆటోలో అమ్మ కారణం అడిగితే, జరిగినదంతా చెప్పాను.

"ఆయన తప్పైందని అడిగిండు కదా?"

"అడిగిండు. నాకే మనసొస్తలేదమ్మా."

"ఆయనకు ఇంకో ఆఫీసు దొరుకుతది. నీకు ఇంకో బల్ల యాడ దొరుకుతది, బిడ్డా?"

అతడి నంబరు నా దగ్గర ఉంది. నేను ఫోన్ చేయలేదు. ఈ ఆదివారం బల్ల దగ్గరికి వెళ్లడానికి అమ్మ లేచినప్పుడు, మోకాళ్లు పక్కకు జరిపి ఆమెకు దారి ఇచ్చాను.