అవెన్యూ విశ్వాసమ్మ

కర్నూలు ఉద్యాన సంఘానికి ఏడాదిలో నాలుగు పండగలు. జనవరిలో పూల ప్రదర్శన. ఆ రోజు ఊళ్లోని పెద్దమనుషులు తమ తోటమాలులు పెంచిన కాలీఫ్లవర్లను తామే కన్నట్టు ఒళ్లో పెట్టుకుని ఫోటోలు దిగేవాళ్లు. మార్చిలో గులాబీల మీద ఉపన్యాసం, దానికి వచ్చేవాళ్లంతా హాల్లో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చేవాళ్లే. అక్టోబరులో ఇంటితోటల పోటీ. అందులో మొదటి బహుమతి ప్రతి ఏడూ సంఘం కార్యదర్శిదే. ఇక జూలై మొదటి శనివారం ప్రజాహిత కార్యక్రమం, అంటే కల్లూరు దారిలో చెట్లు నాటడం.

జూలై అని మద్రాసు నుంచి వచ్చిన కాగితంలో ఉంది. మద్రాసులో ఏం కురుస్తుందో గానీ, కర్నూలు ఆషాఢంలో గాలి కంట్లో దుమ్ము కొట్టడం తప్ప ఇంకో పని చేయదు. అయినా కాగితం కాగితమే కదా. దొరలూ, వకీళ్లూ, ఉద్యోగస్తులూ కార్లలో దిగి, పదకొండు గుంతల్లో పదకొండు గుల్‌మొహర్ మొక్కలు పెట్టి, పక్కన 'ఈ మొక్కను నాటినవారు' అని తమ పేర్లతో రేకు బోర్డులు పాతించి, నిమ్మకాయ నీళ్లు తాగి వెళ్లిపోయేవాళ్లు. పది రోజులకు మొక్కలు చచ్చేవి. మరుసటి ఏడు అవే గుంతలు, కొత్త మొక్కలు, కొత్త బోర్డులు. బోర్డులు మాత్రం చుక్క నీళ్లు పోయకపోయినా దివ్యంగా బతికేవి.

1932లో సంఘానికే కాస్త సిగ్గేసి, నీళ్లు పోయడానికి ఒక మనిషిని పెట్టాలని తీర్మానం చేశారు. ఆ మనిషే విశ్వాసమ్మ.

అప్పటికి ఆమెకు నలభై దాటాయి. మిషన్ గుడి వెనక గుడిసె, పిల్లల్లేరు, నోటికి అదుపు లేదు. మొగుడు ఏసేపు రోడ్డుకు కంకర కొట్టే కూలీ. రెండేళ్ల కిందట ఇదే కల్లూరు దారిలో, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వడదెబ్బ తగిలి పడిపోయాడు. పడుకోబెట్టడానికి అర మైలు దూరంలో చెట్టన్నది లేదు. కంకర కుప్ప పక్కన జానెడు నీడ ఉంటే అందులో తల పెట్టించారు, కాళ్లు ఎండలోనే ఉండిపోయాయి. ఆమె ముంతతో నీళ్లు పట్టుకుని పరిగెత్తి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఏసేపు ఇప్పుడు ప్రభువు రెక్కల నీడలో ఉన్నాడని పాస్టరుగారు ఓదార్చబోయారు. "ఉంటే ఉండనీలే అయ్యగారూ. ఆపొద్దు ఒక తుమ్మచెట్టు నీడ ఉండింటే ఈడనే ఉండేటోడు," అంది విశ్వాసమ్మ. పాస్టరుగారు మళ్లీ ఆ ప్రసక్తి తేలేదు. ఏసేపంటే ఆమెకు ప్రాణం. ఆ దారిన పోయినప్పుడల్లా ఎండలో ఉన్న ఆ కాళ్లే గుర్తొచ్చేవి.

సంఘం కార్యదర్శి అహోబలరావు పంతులు రిటైరైన తహసీల్దారు. తలపాగా, గొడుగు, చేతికర్ర, మాటకో ఇంగ్లీషు ముక్క. ఆయన దారి మొదట్లో నిలబడి, కర్ర చాపి పదకొండు గుంతలూ చూపించి, "విశ్వాసమ్మా, రేపటి నుంచి అవెన్యూ చూసుకో," అన్నాడు.

రెండు పక్కలా చెట్లుండే దారిని దొరలు అవెన్యూ అంటారని ఆమెకెవరు చెప్పారు? ఆమె చెవికి అది 'అవి నువ్వు చూసుకో' అని వినబడింది. తహసీల్దారు చేసినవాడు, నలుగురి ముందర, కర్ర చాపి మరీ చెప్పాడు. ఇక అందులో మాట్లాడే హక్కు ఇంకెవరికీ లేదని ఆమె లెక్క. "చూసుకుంటా సామీ," అని దండం పెట్టింది. ఆ క్షణం నుంచి ఆ పదకొండూ ఆమెవే.

హంద్రి ఏటి ఇసకలో చెలమ తవ్వి, కడవతో మోసుకొచ్చి పోసింది. పోస్తే ఏం లాభం, పక్క గుడిసె మద్దమ్మ మేకలు వచ్చి చిగురు కూడా మిగల్చకుండా మేసిపోయాయి.

"ఏమ్మే మద్దమ్మా, నీ మేకలకు భయం భక్తి లేదా? దొరలు పెట్టిన చెట్లు తింటాండాయే."

"దొరలెవరో దొంగలెవరో మేకలకేం తెలుసక్కా. మెత్తగ ఉండాది, తింటాండాయి. ఎన్ని తూర్లు పెట్టినా అది మేతే. కానుగ పెట్టుకో. దానికి నా మేకలు మూతి గూడ పెట్టవు."

సంఘంలో ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో ఒక్కరికీ తోచని మాట అది. విశ్వాసమ్మ కాలువ గట్టు మీద కానుగ కాయలు ఏరుకొచ్చి, వానలు నిజంగా పడే రోజు చూసి, పదకొండు గుంతల్లో పెట్టింది. చుట్టూ తుమ్మకంప కట్టింది. జూలైలో పెద్దమనుషులు వస్తారు కదా, వాళ్లకోసం ఒక్కో దాని పక్కన మూరెడు దూరంలో ఇంకో గుంత తవ్వింది. వాళ్లు వచ్చేవాళ్లు, అందులో గుల్‌మొహర్ పెట్టేవాళ్లు, ఫోటో దిగేవాళ్లు. కంప లోపల ఏముందని ఒక్కడూ తొంగి చూడలేదు. వాళ్ల కారు మలుపు తిరిగిందో లేదో మేకలు దిగేవి. సంఘం వార్షిక నివేదికలో మాత్రం 'గుల్‌మొహర్ అవెన్యూ దినదినాభివృద్ధి చెందుచున్నది' అని పంతులు రాసేవాడు. కానుగలు తలెత్తాక కూడా, ఏవో చెట్లున్నాయి కదా అని, అవేమిటో చూడకుండానే తృప్తి పడేవాడు.

అలా ఎనిమిదేళ్లు గడిచి 1940లో సంఘం రజతోత్సవం వచ్చింది. సంఘం అధ్యక్షురాలు ఒక దొరసాని. ఎండలు ముదరకముందే ఊటీకి చెక్కేసే మనిషి. ఆమె పాపం ఎనిమిదేళ్ల నివేదికలూ చదివినట్టుంది. ఏప్రిల్ మొదటి శనివారం వచ్చి ఆ ఎర్రపూల దారి కళ్లారా చూస్తానని కబురు పెట్టింది.

ముందుగా ఒకసారి చూసుకుందామని అహోబలరావు బుధవారం వచ్చి, కారు దిగి, మొదటిసారి చెట్లను పరీక్షగా చూశాడు. ఎర్రపువ్వు ఒక్కటి లేదు. లేత చిగురు తొడిగిన కానుగలు పదకొండు, రెండు నిలువుల ఎత్తున ఉన్నాయి.

"ఇవి ఎవరు పెట్టమన్నారే విశ్వాసమ్మా?"

"మీరే కద సామీ. అవి నువ్వు చూసుకో అంటిరి."

"నేనెప్పుడన్నాను? అవెన్యూ అన్నాను."

"నేనూ అదే చెప్తాండా కద సామీ."

ఆయనకు అర్థమయ్యేసరికి ముఖం కందగడ్డలా అయింది. గురువారం గొడ్డళ్లతో మనుషులొచ్చి అన్నీ నరికేస్తారనీ, బెంగళూరు నుంచి పూలతో సహా గుల్‌మొహర్ తొట్లు వస్తున్నాయనీ, శనివారం దాకా అవి నిలబడితే చాలనీ చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రి విశ్వాసమ్మ మొగుణ్ణి రెండోసారి ఎండలో పడేసినట్టుందని మద్దమ్మతో చెప్పుకుని ఏడ్చింది.

గురువారం గొడ్డలి మనుషులు ఇద్దరు వచ్చేసరికే పదకొండయింది. విశ్వాసమ్మ మొదటి చెట్టుకు వీపు ఆనించి కూర్చుంది. "పంతులు వచ్చి ఇంకోతూరి నా మొగం చూసి చెప్పల్ల," అంది. వాళ్లకూ పెద్ద తొందరేం లేదు. తలపాగాలు విప్పి పక్క చెట్టు కింద పరుచుకున్నారు.

పని ఎందాకా వచ్చిందో చూడటానికి పన్నెండు దాటాక పంతులు వచ్చాడు, అదీ నడిచి. ఆ రోజు కారు దొరక్క జట్కా ఎక్కితే, ఈ ఎండకు గుర్రం చస్తుందని జట్కావాడు ఊరి చివరనే దించేశాడు. మొదటి చెట్టు ఇంకా అల్లంత దూరాన ఉండగానే, కర్ర ఎత్తి ఏదో అనబోయి, కళ్లు తేలేశాడు. గొడుగు ఒకవైపు, ఆయన ఒకవైపు పడ్డారు.

విశ్వాసమ్మ పరిగెత్తింది. అందరూ కలిసి ఆయన్ని చెట్టు కిందికి చేర్చారు. పాదాలు ఎండలో ఉన్నాయని చూసి, ఆమె మళ్లీ భుజాలు పట్టి లోపలికి జరిపింది. ముఖాన నీళ్లు కొట్టి ముంత నోటికందించింది. ఎవరి ముంత, ఎవరి నీళ్లు అని ఆయన అడగలేదు, అడిగే ఓపిక ఉంటే కదా. గడగడా తాగి, ఇంకొంచెం అన్నాడు.

కాసేపటికి గొడ్డలి వాళ్లలో ఒకడు దగ్గరికొచ్చి, "ఏ చెట్టు నుంచి మొదలుపెట్టల్ల సామీ?" అని అడిగాడు. ఆయన పడుకున్నచోటు నుంచే పైన ఆకుల్లోకి చూశాడు. "పొద్దు వాలనీరా," అన్నాడు. పొద్దు వాలాక ఇంటికి పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం తొట్లు వద్దని బెంగళూరుకు తంతి కొట్టి, ఇంటికెళ్లి రజతోత్సవ నివేదికలో ఒకే ఒక్క మాట చేర్చాడు. గుల్‌మొహర్ పక్కన 'మొదలగు' అని రాశాడు. తహసీల్దారు ఉద్యోగం ఊరికే చేయలేదు మరి. శనివారం దొరసాని వచ్చి, ఆ మొదలగు చెట్ల కింద అరగంట నిలబడి, కదలబుద్ధి కావడం లేదంది. పెంచిన మనిషి పేరుతో ఒక బోర్డు పెట్టమని చెప్పి ఊటీకి పోయింది.

పంతులు కాగితం తీసి, "నాటినవారు విశ్వాసమ్మ అని రాయిస్తాను," అన్నాడు.

"నా పేరొద్దు సామీ. ఏసేపు అని రాయించండి."

"వాడు పోయి పదేళ్లాయె. వాడు నాటలేదు కదే."

విశ్వాసమ్మ దారి పొడవునా పాతిన రేకు బోర్డులన్నీ ఒకసారి చూసింది.

"ఈ బోర్డుల మీద ఉండేటోళ్లలో నాటినోళ్లు ఎవరుండారు సామీ?"

బోర్డుల్లో అన్నిటికన్నా పెద్దది అహోబలరావుదే. ఆయన పెన్సిలు తీసి, ఏసేపు అని రాసుకున్నాడు.